రెండింటిలో ఏది? చేపల కవల జన్యువులు – కృష్ణా డెల్టా పెంపకం

కైకలూరు, ముదినేపల్లి, గుడివాడ ప్రాంతాల చెరువులలో ప్రధానంగా పెరిగేవి శీలావతి, బొచ్చె. అక్కడక్కడ వాటి మధ్య బంగారుతీగ కూడా కనిపిస్తుంది. మూడూ ఒకే నీటిలో తిరుగుతాయి. గెడలకు కట్టిన చిల్లుల సంచుల నుంచి రాలే తవుడునే తింటాయి. ఒకే లారీలో, ఒకే ఐసులో హౌరా మార్కెట్టుకు చేరుతాయి. కుటుంబరీత్యా కూడా ఇవి దగ్గరి బంధువులే. అయితే శీలావతి, బొచ్చె, ఎర్రమోసు కణాలలో 50 క్రోమోసోములు ఉండగా బంగారుతీగ కణాలలో 100 ఉంటాయి. 2014లో వెలువడిన బంగారుతీగ జన్యుపటంలో ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు 52 వేలకు పైగా లెక్కకు వచ్చాయి. మనిషిలో అవి సుమారు 20 వేలు మాత్రమే.

మత్స్యశాస్త్ర విద్యార్థి ఈ అంకెలను పరీక్షకోసం కంఠస్థం చేసి, పరీక్ష ముగియగానే మరిచిపోవడం పరిపాటి. విస్తరణ శాస్త్రవేత్తకు అవి తన వృత్తితో సంబంధం లేని విషయాలుగా తోచవచ్చు. పదిహేను ఇరవై ఏళ్ల క్రితం ఆ భావనలో కొంత న్యాయం ఉండేది. ఇప్పుడు లింగనిర్ధారణ గుర్తులు, వ్యాధినిరోధక వంశాలు, లవణీయతను తట్టుకొనే వంశాలు, జన్యు సవరణ అన్నీ "ఫలానా జన్యువు ఫలానా పని చేస్తుంది" అనే ఒకే వాక్యరూపంలో డెల్టాకు చేరుతున్నాయి. కోడికి, గేదెకు ఆ వాక్యం చాలావరకు సరిపోతుంది. చేపకు వచ్చేసరికి అది సగంలో ఆగిన వాక్యం. ఆ జన్యువుకు చేపలో జంట ఉందా, ఉంటే చెప్పిన పని రెండింటిలో ఏది చేస్తున్నది అన్న ప్రశ్నకు సమాధానం దొరికేవరకు ఆ వాక్యాన్ని చెరువుగట్టుకు మోసుకురావడం తొందరపాటే అవుతుంది.

జన్యువులు జంటలు కావడానికి చరిత్ర ఉంది. వెన్నెముక గల జీవుల ఆవిర్భావకాలంలో మొత్తం జన్యుసముదాయం రెండు పర్యాయాలు రెట్టింపయింది. ఆ రెండింటి ఫలితం మనిషికీ, చేపకూ ఉమ్మడి వారసత్వమే. తరువాత సుమారు 32 నుంచి 35 కోట్ల సంవత్సరాల క్రితం, నేటి అస్థిచేపలలో అత్యధిక భాగానికి మూలపురుషుడైన చేపలో మూడవసారి అంతా రెట్టింపయింది. శీలావతి, తిలాపియా, పండుగప్ప, కొర్రమీను అన్నీ ఆ వంశంలోనివే. బంగారుతీగ కథ అక్కడితో ఆగలేదు. సుమారు 1.2 కోట్ల సంవత్సరాల క్రితం రెండు వేర్వేరు జాతుల సంకరం వల్ల దాని పూర్వికులలో నాల్గవ రెట్టింపు జరిగిందని అంచనా. జీవపరిణామంలో కొత్తదనానికి ప్రధానమైన ముడిసరుకు ఇటువంటి జంటజన్యువులేనని జపాను మూలాలున్న శాస్త్రవేత్త సుసుము ఓనో 1970లో తన గ్రంథంలో ప్రతిపాదించారు. జన్యుపటాలు లేని రోజులలో, కణంలోని డి.ఎన్.ఏ. పరిమాణాన్నీ, క్రోమోసోముల సంఖ్యనూ ఆధారం చేసుకొని చేసిన ఊహ అది. తరువాత వచ్చిన జన్యుపటాలు దానిని చాలావరకు నిజం చేశాయి.

ఇక్కడ పరిభాషను గురించి ఒక మాట. తెలుగు పాఠ్యగ్రంథాలు వీటిని తరచుగా "నకలు జన్యువులు" అంటాయి. రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజుకు నకలు ఉంటే అసలు కూడా ఉంటుంది, విలువ అసలుదే. జన్యుసముదాయం మొత్తం రెట్టింపయినప్పుడు అసలు ఏదో, నకలు ఏదో చెప్పడానికి వీలులేదు. పుట్టిన క్షణాన రెండూ సమానమే. "కవల జన్యువులు" అనడం విషయానికి దగ్గరగా ఉంటుంది. మాట మారితే విద్యార్థి మనసులో నాటుకునే చిత్రం కూడా మారుతుంది. రెండవదాన్ని అనవసరపు ప్రతిగా భావించి లెక్కలోంచి తీసివేసే అలవాటుకు "నకలు" అనే మాటే కొంత కారణం కావచ్చు.

కవలలలో ఎక్కువ భాగం కాలక్రమంలో నశించాయి. ఒకటి పని చేస్తుండగా రెండవదానిలో లోపాలు పేరుకుపోయి, అది మూగబోయింది. మిగిలిన జంటలకే ఈ చర్చలో ప్రాధాన్యం. మిగలడానికి మార్గాలు ముఖ్యంగా రెండు. ఒక కవల పాత పనిని కొనసాగిస్తుండగా రెండవది పూర్తిగా కొత్త పనిని చేపట్టవచ్చు. ఓనో ప్రధానంగా ఊహించినది ఇది. లేదా ఇద్దరన్నదమ్ములు ఉమ్మడి భూమిని పంచుకొన్నట్లు పాత పనినే రెండూ పంచుకోవచ్చు. పల్లం ఒకరికి, మెరక ఒకరికి వచ్చిన తరువాత ఏ ఒక్కరి భూమి పోయినా కుటుంబానికి లోటు తప్పదు. అందుకే రెండూ నిలుస్తాయి. ఈ రెండవ మార్గాన్ని 1999లో ఫోర్స్, లించ్, పోసల్‌త్‌వెయిట్ బృందం సిద్ధాంతీకరించింది. ఎలుకలో ఎన్‌గ్రేల్డ్-1 అనే ఒకే జన్యువు అవయవాల మొగ్గలలోనూ, నాడీమండలంలోనూ పనిచేస్తుంది. జీబ్రాచేపలో దాని కవలలలో ఒకటి ముందు రెక్కల మొగ్గలకూ, మరొకటి వెనుక మెదడు, వెన్నుపాములలోని నాడీకణాలకూ పరిమితమయ్యాయి.

పెంపకానికి మరింత దగ్గరి ఉదాహరణ ఆరోమటేజ్. పురుష హార్మోనును స్త్రీ హార్మోనుగా మార్చే ఎంజైమ్ ఇది. మనిషిలో దీనికి ఒకే జన్యువు; అండాశయంలోనూ మెదడులోనూ అదే, వేర్వేరు మీటలతో పనిచేస్తుంది. చేపలలో సాధారణంగా రెండు ఉంటాయి: సి.వై.పి.19ఎ1ఎ ప్రధానంగా అండాశయంలో, సి.వై.పి.19ఎ1బి ప్రధానంగా మెదడులో. తిలాపియా పిల్లలు తొలి వారాలను 36 డిగ్రీల సెల్సియస్ ప్రాంతపు వేడినీటిలో గడిపితే కొన్ని వంశాలలో మగవాటి నిష్పత్తి పెరుగుతుంది. బీజకోశంలోని ఆరోమటేజ్ అణగిపోవడం అందులో ముఖ్యమైన అంశం. ఎండాకాలంలో లోతు తక్కువైన డెల్టా నర్సరీలలో నీరు ఎంత వేడెక్కుతుందో అక్కడ పనిచేసే వారికి తెలుసు. పిల్లచేపను మొత్తంగా నూరి ఆరోమటేజ్‌ను కొలిచే అధ్యయనంలో మెదడులోని కవల, బీజకోశంలోని కవల కలిసిపోతాయి. ఒకదాని తగ్గుదలను మరొకటి కప్పివేస్తుంది. "ఉష్ణోగ్రత ప్రభావం కనిపించలేదు" అనే ముగింపు అప్పుడు చేప గురించి ఏమీ చెప్పదు. అది ఎంచుకున్న కొలబద్ద గురించి మాత్రమే చెబుతుంది.

బంగారుతీగ పొలుసుల కథ దీనికి పూర్తిగా భిన్నం. పెద్దపెద్ద అద్దపు బిళ్లల వంటి కొద్దిపాటి పొలుసులు మాత్రమే ఉండే 'మిర్రర్ కార్ప్' రకం యూరపులో శతాబ్దాల పెంపకంలో స్థిరపడింది. 1939లో నీలగిరులకు తెచ్చిన జర్మన్ వంశంలో ఈ రకం కూడా ఉంది. మైదానప్రాంతాలలో ఎక్కువగా వ్యాపించినది 1957లో వచ్చిన బ్యాంకాక్ వంశం. అద్దపు పొలుసులకు కారణం ఎఫ్.జి.ఎఫ్.ఆర్.1 అనే గ్రాహక జన్యువులోని లోపమని 2009లో తేలింది. ఎలుకలో ఈ జన్యువు పూర్తిగా చెడితే పిండదశలోనే మరణం తప్పదు. బంగారుతీగలో కవల ఉండటం వల్ల ఒకటి చెడినా పిండం బతికింది. చెడినదాని ప్రభావం పొలుసులమీద మాత్రమే కనబడింది. శుభ్రం చేయడానికి తేలికైన ఆ చేపను మఠాల చెరువులలో పెంచినవారు ఇష్టపడి ఎన్నుకొన్నారు. మరొక విధంగా చెప్పాలంటే, పెంపకందారుడు చేసిన ఎంపికకు అవకాశం కల్పించినది కవల జన్యువే. బంగారుతీగలో ఇన్ని రంగులు, ఇన్ని ఆకారాలు ఎందుకు దొరుకుతున్నాయనే ప్రశ్నకు ఇది సంపూర్ణమైన జవాబు కాకపోవచ్చు. 100 క్రోమోసోముల చేపలో దొరికిన ఫలితాన్ని 50 క్రోమోసోముల శీలావతికి యథాతథంగా అన్వయించరాదని మాత్రం ఇది స్పష్టం చేస్తుంది.

డెల్టా రైతు ప్రయోజనం నేరుగా ముడిపడి ఉన్నది తిలాపియాతోనే. 1952లో దేశంలోకి వచ్చిన మొజాంబిక్ తిలాపియా చెరువులలో అదుపులేకుండా పిల్లలు పెట్టి చెడ్డపేరు తెచ్చుకొంది. 1959లో దాని వ్యాప్తిని నిషేధించారు. మెరుగైన గిఫ్ట్ వంశానికి తరువాత షరతులతో అనుమతి లభించింది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థకు చెందిన రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం, వరల్డ్‌ఫిష్ సహకారంతో విజయవాడ సమీపంలోని మానికొండలో గిఫ్ట్ మూలసంతతిని నెలకొల్పింది. షరతులలో ప్రధానమైనది అన్నీ మగపిల్లలే అయి ఉండాలన్నది. దానికి కారణం సులభంగా అర్థమవుతుంది. తిలాపియా మూడు నాలుగు నెలలకే పునరుత్పత్తికి సిద్ధమవుతుంది. వందలో కొద్ది ఆడచేపలు ఉన్నా చెరువు పిల్లలతో నిండిపోతుంది; మేతంతా వాటి పాలవుతుంది; పట్టుబడి రోజున అమ్ముడుపోయే పరిమాణం ఉండదు. మగచేపలు ఆడవాటికంటే వేగంగా పెరుగుతాయి కూడా.

ప్రస్తుతం హేచరీలలో ఇందుకు అనుసరించే పద్ధతి, మేత తినడం మొదలుపెట్టిన పిల్లలకు సుమారు మూడు వారాలపాటు కిలో మేతకు 60 మిల్లీగ్రాముల చొప్పున 17-ఆల్ఫా మిథైల్ టెస్టోస్టిరాన్ కలిపి పెట్టడం. పని జరుగుతుంది, హార్మోను కలిసిన నీరు ఎటు పోతున్నదన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది. కాలువకూ చెరువుకూ మధ్య గట్టే హద్దయిన డెల్టాలో అది చిన్న ప్రశ్న కాదు. దీనికి ప్రత్యామ్నాయం జన్యుమార్గం. వై వై మగచేపలను తయారుచేసి, వాటిని మామూలు ఆడచేపలతో కలిపితే పుట్టే సంతానమంతా సూత్రరీత్యా మగదే అవుతుంది. అమ్మే పిల్లకు హార్మోను పెట్టనవసరం లేదు. ఈ మార్గంలో ఏ చేప ఎక్స్ ఎక్స్, ఏది ఎక్స్ వై, ఏది వై వై అని పసిదశలోనే తేల్చే డి.ఎన్.ఏ. గుర్తు ఉంటే తరాలతరబడి పరీక్షా సంకరణాలు చేసే శ్రమ తగ్గుతుంది. ఆ గుర్తును వెతుకుతూ వెళ్లినవారికి ఎదురైనవి కవల జన్యువులే.

2015లో చైనా, జపాను శాస్త్రవేత్తలు నైలు తిలాపియాలో మగలింగాన్ని నిర్ణయించే జన్యువును ప్రకటించారు. అది ఎ.ఎం.హెచ్. అనే జన్యువుకు వై క్రోమోసోముమీద ఏర్పడిన కవల. దాని పేరు ఎ.ఎం.హెచ్.వై. మూలజన్యువు పేరులోని 'ఎం' క్షీరదాల మగపిండంలో కరిగిపోవలసిన ముల్లేరియన్ నాళాలను సూచిస్తుంది. అస్థిచేపలకు ఆ నాళాలే లేవు. జన్యువుకు క్షీరదాన్ని చూసి పేరు పెట్టి, ఆ పేరునుబట్టి చేపలో దాని పనిని ఊహించడం ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు. చేపలలో ఇది బీజకణాల వృద్ధిని నియంత్రిస్తుంది.

తిలాపియా వై క్రోమోసోముమీద ఈ జన్యువుకు పక్కపక్కనే రెండు ప్రతులు ఉన్నాయి. మొదటిదానిలో ఐదు క్షారాలు అదనంగా చొరబడటం వల్ల ప్రోటీను మధ్యలోనే ఆగిపోతుంది. రెండవది ఎ.ఎం.హెచ్.వై. దాని ముందుండే ప్రేరక భాగంలో 5,608 క్షారాలు లోపించాయి. ప్రోటీనులో 92వ స్థానంలో సెరీన్‌కు బదులు ల్యూసీన్ వచ్చింది. ఇంత స్వల్పమైన తేడాలతో అది లింగనిర్ణేత అయింది. దానిని తొలగిస్తే ఎక్స్ వై చేప ఆడదిగా మారింది. ఎక్స్ ఎక్స్ చేపలో ప్రవేశపెడితే మగదిగా మారింది. కవలలకు పట్టగల రెండు గతులూ, అంటే ఒకటి చెడిపోవడం, మరొకటి కొత్త అధికారం పొందడం, ఒకే చోట పక్కపక్కనే కనిపించడం అరుదైన విషయం. జపాను మెడకా చేపలో మగలింగాన్ని నిర్ణయించేది మరొక జన్యువు, డి.ఎం.ఆర్.టి.1, యొక్క కవల. 2002లో వెల్లడైన ఆ ఫలితమే ఈ పరిశోధనలకు దారితీసింది.

ఇంతవరకు చదివిన విద్యార్థికి గుర్తు దొరికిందని, సమస్య తీరిందని అనిపించడం సహజం. అసలైన జాగ్రత్త ఇక్కడినుంచే మొదలవుతుంది. లింగపరీక్షకు ప్రచారంలో ఉన్న గుర్తులలో కొన్ని పనిచేసే కవలలో లేవు. చెడిపోయిన కవలలోని తేడాలమీద ఆధారపడి ఉన్నాయి. రెండూ పక్కపక్కన ఉన్నంతకాలం ఫలితం సరిగానే వస్తుంది. ఏదో ఒక వంశంలో ఆ రెండు విడిపోయి ఉంటే గుర్తు మగ అంటుంది, చేప ఆడది అవుతుంది. దీనికితోడు తిలాపియా వంశాలన్నిటిలో లింగనిర్ణయం ఒకే క్రోమోసోముమీద జరగదు. కొన్నిటిలో అది 23వ అనుబంధసమూహంలో ఉంటే మరికొన్నిటిలో 1వ సమూహంలో ఉంది. నీలి తిలాపియాలో 3వ సమూహం ప్రమేయం కూడా ఉంది. గిఫ్ట్ వంశం 1988 తరువాత ఫిలిప్పీన్స్‌లో ఆఫ్రికా నుంచి తెచ్చిన నాలుగు సహజసంతతులనూ, ఆసియాలో పెంపకంలో ఉన్న నాలుగు సంతతులనూ కలిపి రూపొందించినది. ఎనిమిది ఇళ్ల వారసత్వం ఉన్న సంతతికి ఒక ఇంటి తాళంచెవి సరిపోతుందని ముందే అనుకోవడం శాస్త్రం కాదు. ప్రయోగశాల వంశంలో నెగ్గిన గుర్తును డెల్టాలో ఉన్న సంతతిమీదే, బీజకోశాలను సూక్ష్మదర్శినిలో చూసి నిర్ధారించిన చేపలతో సరిచూసిన తరువాతే, హేచరీకి సిఫారసు చేయాలి. వందలో ఐదు చేపల తప్పు పరిశోధనాపత్రంలో గౌరవప్రదమైన ఫలితంగా కనిపిస్తుంది. చెరువులో అదే ఐదు శాతం పంటను ముంచుతుంది.

లవణీయత మరొక రంగం. తీరానికి దగ్గరగా ఉన్న బంటుమిల్లి, కృత్తివెన్ను, మచిలీపట్నం వైపు భూములలో ఉప్పునీటి చొరబాటు కొత్త సమస్యేమీ కాదు. అక్కడ ఏ చేప తట్టుకొంటుందో తేల్చడానికి మొప్పలలోని సోడియం-పొటాషియం ఏ.టి.పి.ఏజ్ జన్యువును కొలవడం పరిశోధనలలో అలవాటైన పద్ధతి. సాల్మన్‌లోనూ, మొజాంబిక్ తిలాపియాలోనూ ఈ ఎంజైముకు రెండు రూపాలున్నాయి: మంచినీటిలో ఆల్ఫా1ఎ పెరుగుతుంది, ఉప్పునీటిలో అది తగ్గి ఆల్ఫా1బి పెరుగుతుంది. చేప మంచినీటి నుంచి ఉప్పునీటికి మారినప్పుడు మొప్ప చేసే పని తలకిందులవుతుంది. లవణాన్ని లోపలికి లాగుకొనే అవయవమే దానిని బయటికి పంపవలసి వస్తుంది. ఆ మార్పుకు సరిపోయేలా కవలలు వంతులు మార్చుకొంటాయి. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగానికి ప్రైమరు తయారుచేస్తే మొత్తం మారనట్లే కనబడుతుంది. చేపలో జరిగిన అతి పెద్ద మార్పు పట్టికలో ఆనవాలు లేకుండా పోతుంది. వేరే జాతిచేప క్రమంనుంచి ప్రైమరు అరువు తెచ్చుకొనే స్నాతకోత్తర పరిశోధనలో ఈ పొరపాటుకు అవకాశం ఎక్కువ. సిద్ధాంతవ్యాసాన్ని పరీక్షించేవారు గణాంక విశ్లేషణను ఎంత పట్టుగా అడుగుతారో, ప్రైమరు ఏ కవలను పట్టుకొంటున్నదో కూడా అంత పట్టుగా అడగడం న్యాయం. శీలావతి జన్యుపటమే చేతిలో ఉన్న ఈ రోజులలో దీనికి పట్టే సమయం ఒక పూట.

జన్యు సవరణ గురించి ఇప్పటినుంచే ఉత్సాహం వినిపిస్తున్నది. కండరాల పెరుగుదలను అదుపుచేసే మయోస్టాటిన్‌ను నిలిపివేసిన మడై చేప 2021లో జపానులో అమ్మకానికి వచ్చింది. భారతదేశంలో 2022 మార్చిలో ఇచ్చిన సడలింపు కొన్ని రకాల సవరణలు చేసిన మొక్కలకే పరిమితం. చేపలకు అది వర్తించదు. ఆ గడువును సిద్ధపడటానికి వాడుకోవాలి. మయోస్టాటిన్‌కు చేపలలో కవలలున్నాయి. బంగారుతీగలో అవి మళ్లీ రెట్టింపయ్యాయి. 2016లో చైనాలో బంగారుతీగమీద జరిగిన ప్రయోగంలో మయోస్టాటిన్ ప్రతులలో ఒకదానిని చెడగొడితే పెరుగుదల హెచ్చింది. అదే ప్రయోగంలో ఎస్.పి.7 అనే మరొక కవల జంటను తాకితే ఎముకలు తీవ్రంగా వంకరపోయాయి. జంట ఉన్నంతమాత్రాన ఒకటి పోయినా నష్టం ఉండదనే భరోసా కూడా లేదన్నమాట. పని పంచుకొన్న కవలలు ఒకదానికొకటి పూచీ ఇవ్వవు.

దీనికి ఎదురుగా నిలిచే వాదన ఒకటుంది, దానిలో బలం కూడా ఉంది. భువనేశ్వర్‌లోని కేంద్రీయ మంచినీటి మత్స్యపరిశోధన సంస్థ నార్వే సహకారంతో 1992లో మొదలుపెట్టి, 1997లో విడుదల చేసిన జయంతి రోహు ఏ ఒక్క జన్యువు పేరూ అడగకుండానే తరానికి సగటున సుమారు 17 శాతం పెరుగుదలను సాధించింది. వేర్వేరు నదుల నుంచి తెచ్చిన చేపలను కలిపి, కుటుంబాలవారీగా లెక్కకట్టి, మంచివాటిని ఎన్నుకోవడమే అక్కడ జరిగింది. అటువంటి ఎంపికలో కవలలలో ఏది పనిచేస్తున్నదో తెలియనవసరం లేదు. మొత్తం చేప ఫలితమే తూకానికి వస్తుంది. కాబట్టి రైతుకు ఒక్క జన్యువు ఆశచూపే ప్రతి ప్రకటనకంటే ఎంపికద్వారా మెరుగుపరచిన విత్తనం, దాని వంశశుద్ధిని కాపాడే బ్రూడ్ బ్యాంకు ముందు వరుసలో ఉండాలి. అయితే లింగనిర్ణయం వంటి లక్షణాలు ఈ దారిలో సులభంగా లొంగవు. అక్కడ ఒకే స్థానం పెత్తనం చేస్తుంది, ఆ స్థానంలో ఉన్నది కవల. ఎక్కడ జన్యువు పేరు అనవసరమో, ఎక్కడ అది లేకుండా అడుగు పడదో విడమరచి చెప్పగలిగినవారే ఈ ప్రాంతానికి కావలసిన విస్తరణ శాస్త్రవేత్తలు. దానికి పాఠ్యప్రణాళికలో ప్రత్యేకమైన కోర్సు అక్కరలేదు. ఇప్పుడున్న మత్స్య జన్యుశాస్త్రం కోర్సులో తిలాపియా వై క్రోమోసోము, బంగారుతీగ పొలుసులు రెండు ప్రయోగశాల తరగతులైతే చాలు. మొదటిదానికి మానికొండ, రెండవదానికి చేపల మార్కెట్టు దగ్గరలోనే ఉన్నాయి.

హేచరీనుంచి "డి.ఎన్.ఏ. పరీక్ష చేసిన మగపిల్ల" అనే చీటీతో తిలాపియా విత్తనం వచ్చే రోజు దూరంలో లేదు. ఆ చీటీమీద మూడు వివరాలు ఉండాలని మత్స్యశాఖ, విశ్వవిద్యాలయం కలిసి ముందుగానే నిర్దేశించడం మంచిది: పరీక్షించినది ఏ కవలను, ఏ వంశంమీద ఆ పరీక్షను సరిచూశారు, సరిచూసిన చేపలలో ఎన్ని ఆడవి తేలాయి. పిల్ల ధర చెల్లించే ముందు మూడవ అంకెను రైతు అడగవచ్చు. మొదటి రెండింటిని అతని తరఫున విస్తరణ శాస్త్రవేత్త అడగాలి.